శంషాబాద్ – మధురపూడి – రేణిగుంట: గాల్లో గంట, నేల మీద పూట

రాజమండ్రి విమానాశ్రయం (మధురపూడి) నుంచి తిరుపతి విమానాశ్రయానికి (రేణిగుంట) మ్యాపు మీద గీత గీస్తే 455 కిలోమీటర్ల పైచిలుకు. నేరుగా విమానం దొరికిన రోజున అది ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానానికి గంటంబావు పని. దొరకని రోజున శంషాబాద్ మీదుగా రావాలి. అప్పుడు 361 కి.మీ. వెనక్కి, 418 కి.మీ. కిందికి, మొత్తం దాదాపు 780. గోదావరి జిల్లాలో పెళ్లి చూసుకుని, అటునుంచి అటే కొండెక్కి మొక్కు తీర్చుకుందామనుకునే హైదరాబాదు కుటుంబాలకు ఈ తిప్పలు తెలిసినవే. నాలుగు రోజుల ఆ ప్రయాణంలో ఏ నిమిషం ఎక్కడ పోతుందో చూద్దాం.

మొదటి రోజు: కూకట్‌పల్లి నుంచి రాజమండ్రి

ముందు దూరం లెక్క. శంషాబాద్ అక్షాంశం 17.24, రేఖాంశం 78.43. మధురపూడి 17.11, 81.82. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే 111 కి.మీ. రేఖాంశంలో డిగ్రీ మాత్రం భూమధ్యరేఖ నుంచి పైకి వచ్చేకొద్దీ కుంచించుకుపోతుంది. మన 17 డిగ్రీల దగ్గర అది 106 కి.మీ. చిల్లర. తేడాలను వీటితో గుణిస్తే తూర్పుకి 360, దక్షిణానికి 14. రెండూ కలిపితే 361 కి.మీ., విమానం వాళ్ల భాషలో 195 నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కి.మీ. రోడ్డు మీద విజయవాడ, ఏలూరు తిరిగి వెళ్తే 430 దాకా వస్తుంది.

361 కిలోమీటర్లను ఏటీఆర్ గరిష్ఠ వేగం 510తో భాగించి 42 నిమిషాలు అనుకుంటే మోసపోతాం. టికెట్ మీద గంటా అయిదు, గంటా పది అని ఉంటుంది. అది బ్లాక్ టైమ్, అంటే చక్రాల దగ్గర అడ్డుదిమ్మలు తీసిన క్షణం నుంచి అవతల మళ్లీ పెట్టే క్షణం దాకా. అందులో శంషాబాద్‌లో స్టాండ్ (విమానం నిలిపే చోటు) నుంచి రన్‌వే దాకా పాకడానికి పది, పన్నెండు నిమిషాలు పోతాయి. ఎక్కడానికి పావుగంట, దిగడానికి పావుగంట, మధ్యలో తిన్నగా ఎగిరేది ఇరవై నిమిషాలు ఉంటే గొప్ప. మధురపూడిలో దిగాక టెర్మినల్ ముందుకు రావడానికి మూడు, నాలుగు నిమిషాలు చాలు. మిగిలిన కాస్త వెసులుబాటు షెడ్యూలు వేసేవాళ్లు దాచుకునేది. "పది నిమిషాలు ముందే దిగాం" అని పైలట్ గర్వంగా చెప్పేది ఆ నిల్వలోంచే.

ఇంకో అయిదు నిమిషాలు రన్‌వే దిశ మింగుతుంది. శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. తూర్పుకి ముఖం పెట్టి లేస్తే దాని పేరు 09, పడమరకైతే 27. విమానం గాలికి ఎదురుగానే లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి కాబట్టి 27 వాడకమే ఎక్కువ. రాజమండ్రి తూర్పున ఉంటే మనం వికారాబాద్ వైపు లేచి, పైన వెనక్కి తిరిగి వెళ్తాం. చలికాలంలో తూర్పు గాలి ఉన్న రోజున 09 మీద లేస్తే ముక్కుసూటిగా పోవచ్చు. తిరుగు ప్రయాణంలో సరిగ్గా తలకిందులు. వానాకాలంలో తూర్పు నుంచి వచ్చిన విమానం 27 మీద నేరుగా దిగుతుంది, చలికాలంలో ఊరు దాటి వెళ్లి తిరిగి రావాలి. పోయినప్పుడు పోగొట్టుకున్నది వచ్చేటప్పుడు చేతికొస్తుందన్నమాట.

గాలి వల్ల పోయేది అందరూ అనుకునేంత లేదు. తిన్నగా ఎగిరే భాగం 180 కి.మీ. అనుకుందాం. 500 వేగానికి 50 కి.మీ. గాలి ఎదురైతే 24 నిమిషాలు, వెనక నుంచి తోస్తే 20. తేడా అంతే.

ఇప్పుడు నేల మీద సంగతి. కూకట్‌పల్లి నుంచి ఔటర్ ఎక్కితే శంషాబాద్ దాకా 40 కి.మీ. అటూ ఇటూ, గంటా పావు చేతిలో పెట్టుకోవాలి. మెహదీపట్నం వైపు వాళ్లకు 11.6 కి.మీ. పొడవున్న పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఉంది, ఆరాంఘర్ దాకా సిగ్నలు ఉండదు. ఆరాంఘర్ దిగాక ఉన్నవన్నీ ఉంటాయి. ఆర్టీసీ పుష్పక్ బస్సు నమ్మకమైనదే, కాకపోతే సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది మధ్య దానికీ కారుకూ ఒకటే ట్రాఫిక్. బస్సు ఎక్కేవాళ్లు తమకు కావలసిన సర్వీసు కాక, దాని ముందుది పట్టుకోవడం మేలు.

ఇండిగోలో లగేజీ కౌంటర్ బయల్దేరే వేళకు గంట ముందు మూస్తారు, గేటు 25 నిమిషాల ముందు. చిన్న ఊరి విమానమే కదా అని గేటు దగ్గర తీరిగ్గా దోశ తినేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. శంషాబాద్‌లో ఏటీఆర్‌ను సాధారణంగా టెర్మినల్‌కు ఆనుకుని కాక దూరపు స్టాండ్‌లో పెడతారు. గేటు నుంచి బస్సులో వెళ్లాలి. చివరి బస్సు వెళ్లిపోతే విమానం కళ్లెదుటే ఉన్నా ఎక్కించరు.

ఏటీఆర్ 72లో మనుషులు ఎక్కే తలుపు వెనక ఉంటుంది. ముందు తలుపు సామాన్లది. కాక్‌పిట్‌కీ మొదటి వరుసకీ మధ్య ఉన్న గదిలో లగేజీ పేరుస్తారు. కాబట్టి డబ్బులు పెట్టి ఒకటో వరుస కొనుక్కున్నవాళ్లే అందరికన్నా చివర దిగుతారు! త్వరగా దిగాలంటే ఆఖరి వరుసలు తీసుకోండి. శబ్దం పడనివాళ్లు కూడా వెనకే కూర్చోవాలి, ముందు సగంలో ప్రొపెల్లర్లు పక్కనే గిర్రున తిరుగుతుంటాయి. రెక్క పైన ఉంటుంది కాబట్టి కిటికీ సీటు ఎక్కడ దొరికినా కింద నేల కనిపిస్తుంది. మధ్య వరుసల్లో మాత్రం ఇంజనూ, చక్రాల పెట్టె అడ్డొస్తాయి.

ఎక్కేటప్పుడు ఒక ఇంజను మోగుతూనే ఉండి, దాని ప్రొపెల్లర్ మాత్రం ఆగి ఉంటే కంగారు పడొద్దు. పెద్ద విమానాలకు తోకలో చిన్న సహాయక ఇంజను ఉంటుంది, నేల మీద కరెంటూ ఏసీ అదే ఇస్తుంది. ఏటీఆర్‌కి అది లేదు. అందుకని కుడి ఇంజనును నడుపుతూ ప్రొపెల్లర్‌కు బ్రేకు వేసి ఉంచుతారు, దాన్ని హోటల్ మోడ్ అంటారు. మనం ఎడమ వైపు నుంచి ఎక్కేది కూడా ఇందుకే అనుకూలం. అలా నడపని స్టాండ్‌లో, మే నెల మధ్యాహ్నం, బయలుదేరేదాకా లోపల ఉడికిపోతుంది. చంటిపిల్లలున్నవాళ్లు ఆ నెలల్లో పొద్దున విమానమే తీసుకోవాలి.

తలపైన అరలు ఎయిర్‌బస్‌లో ఉన్నంత లోతుండవు. ఏడు కిలోలకు సరిపోయినా, చక్రాల సూట్‌కేసు అందులో దూరదు. మెట్ల దగ్గర దాన్ని తీసుకుని చీటీ కట్టి కింద వేస్తారు. అలా తీసుకునేలోపు పవర్ బ్యాంకు, మందులు, తాళాలు బయటికి తీసుకోండి. పవర్ బ్యాంకు లగేజీలో పోకూడదు.

కొత్తగూడెం అడవులు దాటాక ఎడమ కిటికీలోంచి పాపికొండల వరస, కుడి వైపు పచ్చటి డెల్టా. గోదావరి దాటుతుండగానే దిగడం మొదలైపోయి ఉంటుంది. మబ్బు లేని రోజున కుడి వైపు వాళ్లకు వంతెనలు కనిపిస్తాయి. రన్‌వే పొడవు ఇప్పుడు 3,165 మీటర్లు, విస్తరణకు ముందు 1,749. పాత కొలతతో చిన్న విమానాలే వచ్చేవి, ఇప్పుడు ఎయిర్‌బస్ దిగడానికీ ఇబ్బంది లేదు.

మధురపూడి నుంచి ఊళ్లోకి పదిహేను కి.మీ. పైన. ట్యాక్సీకి అరగంట, నలభై నిమిషాలు. మొత్తం కూడదాం. ఇంటి నుంచి 75 నిమిషాలు, టెర్మినల్‌లో 105, విమానం 70, లగేజీకి 20, ట్యాక్సీ 35. వెరసి 305 నిమిషాలు, అంటే అయిదు గంటల పైన. గాల్లో ఉన్నది 50. సికింద్రాబాద్‌లో ఎక్కితే విశాఖ వందే భారత్ ఆరు గంటల్లో రాజమండ్రిలో దించుతుంది, అదీ ఊరి నడిబొడ్డున. తార్నాక, ఉప్పల్ వాళ్లకు విమానం మిగిల్చేది గంటో గంటన్నరో. రాత్రి గౌతమి ఎక్కితే పడుకుని లేచేసరికి గోదావరి వంతెన. కాబట్టి రాజమండ్రికి విమానం ఎవరికి అంటే, గచ్చిబౌలి, కూకట్‌పల్లి వైపు వాళ్లకు, అది కూడా పొద్దున వెళ్లి పని చూసుకోవాల్సినవాళ్లకు.

రెండో రోజు: వెనక్కి వచ్చి కిందికి

ఈ రోజే చిక్కులన్నీ. రాజమండ్రి నుంచి తిరుపతికి ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద టికెట్ తీసుకుంటే లగేజీకి తిరుపతి చీటీ అక్కడే పడుతుంది. శంషాబాద్‌లో దిగి, ట్రాన్స్‌ఫర్స్ బోర్డు పట్టుకుని, మరోసారి తనిఖీ అయి గేటుకు పోవచ్చు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే తర్వాతి దాంట్లో పంపే పూచీ కూడా వాళ్లదే. అయిదారొందలు తగ్గిందని రెండు వేరు వేరు టికెట్లు కొంటే ఆ పూచీ పోతుంది. బెల్టు దగ్గర బ్యాగు కోసం నిలబడాలి, బయటికి రావాలి, పైఅంతస్తుకి ఎక్కాలి, మళ్లీ కౌంటర్, మళ్లీ సెక్యూరిటీ. కౌంటర్ గంట ముందే మూస్తారు కాబట్టి రెండు విమానాల మధ్య రెండు గంటలున్నా, చేతిలో నిజంగా ఉన్నది ఒక గంటే. అందులోంచి నలభై నిమిషాల ఆలస్యం తీసేయండి, ఏం మిగిలింది? వేరు టికెట్లయితే మూడు గంటలకు తక్కువ ఎడం వద్దు.

ఆలస్యం ఎందుకొస్తుందో తెలిస్తే ముందే పసిగట్టవచ్చు. ప్రాంతీయ ఏటీఆర్ ఒకే రోజులో అయిదారు ట్రిప్పులు వేస్తుంది. శంషాబాద్ నుంచి వచ్చి, అరగంట ఆగి, అదే వెనక్కి పోతుంది. పొద్దున ఎక్కడో పావుగంట ఆగితే సాయంత్రానికి అది గంటవుతుంది, మధ్యలో ఆ లోటు పూడ్చుకునే ఖాళీ ఉండదు. మధురపూడికి బయలుదేరే ముందు ఫ్లైట్‌రాడార్ యాప్ తెరిచి, మనం ఎక్కాల్సిన విమానం శంషాబాద్‌లో లేచిందో లేదో చూడండి. అది లేవకుండా మన విమానం వేళకు బయలుదేరదు, టెర్మినల్ తెర మీద ఏం రాసున్నా సరే.

ఆలస్యం ఇంకా పేరుకోని పొద్దున విమానమే మేలు, కానీ దానికి ఒక్క మినహాయింపు ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో రాజమండ్రి, గన్నవరం రెండు చోట్లా తెల్లవారుజామున పొగమంచు పడుతుంది. రన్‌వే కనిపించక విమానం పైన చక్కర్లు కొట్టి, ఇంధనం చూసుకుని, శంషాబాద్‌కే తిరిగిపోయిన రోజులున్నాయి. ఆ రెండు నెలల్లో తొలి విమానాన్ని నమ్ముకుని అదే రోజు తిరుపతి కనెక్షన్ పెట్టుకోవడం జూదం. పది దాటాక బయలుదేరేది తీసుకోవాలి.

రద్దయితే ఏమొస్తుంది? ఇక్కడ బ్లాక్ టైమ్ మళ్లీ పనికొస్తుంది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం ముందుగా తెలపకుండా రద్దు చేస్తే, గంటలోపు బ్లాక్ టైమ్ ఉన్న విమానానికి పరిహారం 5,000 రూపాయలు, గంట నుంచి రెండు గంటల దాకా 7,500. లేదా మూల చార్జీ, ఇంధన చార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది. వాతావరణం కారణమైతే ఇదేమీ రాదు. మంచులో పోయిన విమానానికి గొడవ పడి లాభం లేదు, డబ్బు వాపసో వేరే విమానమో అడగాలి. రెండు గంటలు మించి ఆలస్యమైతే మాత్రం టిఫినో భోజనమో ఇవ్వాల్సిందే, రెండున్నర గంటల లోపు ప్రయాణాలన్నిటికీ ఆ హద్దే.

రాజమండ్రి లగేజీ గురించి రెండు మాటలు. ఆత్రేయపురం పూతరేకులు చేతి సంచిలోనే తీసుకెళ్లాలి, లగేజీలో వేస్తే పొడి మిగులుతుంది. ఆవకాయ దానికి విరుద్ధం, మిరపకారం పచ్చళ్లను చేతి సంచిలో పోనివ్వరు. జాడీ వద్దు. ప్లాస్టిక్ డబ్బా మూతకు టేపు వేసి, రెండు కవర్లలో కట్టి, చీరల మధ్య పెట్టి లగేజీలో వేయాలి. గాల్లో ఒత్తిడి తగ్గి నూనె మూతలోంచి ఊరుతుంది, అంచుదాకా నింపకుండా రెండు వేళ్ల ఖాళీ ఉంచండి.

శంషాబాద్ నుంచి రేణిగుంట 418 కి.మీ., 226 నాటికల్ మైళ్లు. ఈ దారిలో ఏటీఆరూ తిరుగుతుంది, ఎయిర్‌బస్సూ తిరుగుతుంది. జెట్ గంటకు 830 కి.మీ. పోతుంది కదా, సగం సమయంలో చేరిపోదా? చేరదు. దాని ఎత్తుకు అది చేరేసరికి దిగే వేళవుతుంది. గాల్లో ఏటీఆర్‌కి యాభై ఎనిమిది నిమిషాలు పడితే జెట్‌కి నలభై అయిదు. పదమూడు నిమిషాల కోసం ఎక్కువ చార్జీ ఇవ్వడం దండగ. సరళరేఖ మీద పోతే కింద కృష్ణ, శ్రీశైలం జలాశయం, నల్లమల, ఆ తర్వాత పెన్న మీద సోమశిల. ఏటీఆర్ తక్కువ ఎత్తులో పోతుంది కాబట్టి ఇవన్నీ అందులోంచే బాగా కనబడతాయి.

మూడో రోజు: రేణిగుంట నుంచి కొండకు

రేణిగుంట నుంచి తిరుపతి పదిహేను కి.మీ., తిరుమల నలభై. రెండో రోజు రాత్రి తిరుపతిలోనే పడుకోవడం మంచిది. ఘాట్ రోడ్డు అర్ధరాత్రి దాటాక కొన్ని గంటలు మూసేస్తారు. రాత్రి విమానం ఆలస్యమైతే అలిపిరి దగ్గర కారులో తెల్లవార్చాల్సి వస్తుంది.

అలిపిరిలో బండీ, సామాన్లూ, మనుషులూ అందరికీ తనిఖీ. రద్దీ రోజున అక్కడే నలభై నిమిషాలు. 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ లేని బండిని కొండెక్కనివ్వడం లేదు, ట్యాక్సీ మాట్లాడేటప్పుడే అడిగి చూసుకోండి. ఎక్కే దారి, దిగే దారి వేరు. రెండింటికీ కనీస సమయం ఉంటుంది, డ్రైవరు గబగబా తోలి పైన చెక్‌పోస్టుకు ముందే చేరితే జరిమానా. కాబట్టి విమానంలో పోయిన సమయాన్ని ఘాట్ మీద రాబట్టే వీల్లేదు. మూడొందల దర్శనం టికెట్ ఉన్నవాళ్లు విమానం దిగే వేళకూ దర్శనం వేళకూ మధ్య కనీసం అయిదు గంటలు ఉండేలా చూసుకోవాలి. వరుసలో ఎంతసేపో వేరే లెక్క, అది ఏ పట్టికకూ అందదు.

నాలుగో రోజు: శంషాబాద్‌కు

తిరుపతి విమానాశ్రయం సెక్యూరిటీ ట్రేల్లో మిగిలిపోయేవి ఏమిటో చూస్తే ముందురోజు జనం ఏం కొన్నారో తెలిసిపోతుంది. కర్పూరం, అగ్గిపెట్టె, ఎండుకొబ్బరి చిప్పలు. కర్పూరం మండే ఘనపదార్థాల జాబితాలో ఉంది, చేతి సంచిలోనూ లగేజీలోనూ కూడదు. కొండ మీద కొన్న పూజ ప్యాకెట్‌లో పసుపు, కుంకుమ పక్కన చిన్న కర్పూరం పొట్లం ఉంటుంది, విప్పి తీసేయండి. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, తనంతట తానే వేడెక్కే గుణం ఉంది కాబట్టి దాన్నీ ఆపుతారు.

లడ్డూలకు అభ్యంతరం లేదు, చేతి సంచిలోనే తీసుకోండి. ఒక్కోటి సుమారు 175 గ్రాములు. ఇరవై కొంటే మూడున్నర కిలోలు, మీకున్న ఏడులో సగం అయిపోయినట్టే. నెయ్యి కారే కవరు మీద మరో కవరు వేసి, సంచిలో పైన పెట్టుకోండి. ఎక్స్‌రేలో ముద్దగా కనబడితే తెరిచి చూపమంటారు, అడుగున ఉంటే సంచంతా అక్కడే పరవాలి. గుండు చేయించుకున్నవాళ్లను గేటు దగ్గర జవాను ఆధార్ ఫొటోతో రెండుసార్లు పోల్చి చూస్తాడు. ఫొటోలో ఒత్తయిన జుట్టు, ఎదురుగా గంధం పూసిన గుండు. ఈ ఊళ్లో వాళ్లకది అలవాటే, మీరే నవ్వకుండా నిలబడాలి.

తిరుపతికి విమానం మీద పెట్టిన ఖర్చు దండగ కాదు. రోడ్డు 560 కి.మీ. పైన. వందే భారత్ ఎనిమిది గంటల పైన తీసుకుంటుంది, మంగళవారం నడవదు. నారాయణాద్రి, పద్మావతి రాత్రంతా. విమానంలో తిరుపతి గది నుంచి కూకట్‌పల్లి ఇంటికి అన్నీ కలిపి అయిదున్నర గంటలు. చాలా ముందుగా దర్శనం దొరికినవాళ్లకు రైలు బెర్తు కూడా దొరుకుతుంది, ఆఖరి నిమిషంలో బయల్దేరేవాళ్లకే విమానం నిజంగా అక్కరకొస్తుంది.

శంషాబాద్‌లో రాత్రి తొమ్మిది దాటాక దిగితే ఏటీఆర్ నుంచి బస్సు, బస్సు నుంచి బెల్టు, బెల్టు దగ్గర పావుగంట. బ్యాగు వచ్చేలోపే పుష్పక్ వేళ చూసుకుని, టికెట్ తీసుకోవడానికి ఒకరిని ముందు బయటికి పంపండి. మిగతావాళ్లు ఆవకాయ కారిందేమో చూసుకుంటారు.